లేహ్ పర్యటన

లేహ్, లడఖ్ కేంద్రపాలిత ప్రాంతంలోని ముఖ్య పట్టణము. ఇది సింధు నదీ లోయలో, సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. హిమాలయాలు ఋతుపవన మేఘాలను అడ్డగించుట వలన ఇక్కడ వర్షపాతం ఏటా దాదాపు 100 మిల్లీమీటర్లే. అందుచేత దీనిని శీతల ఎడారి అంటారు. గాలి పలుచన కనుక ఇక్కడ యాత్రను దూరాన్ని బట్టి గాక ఎత్తును బట్టి నిర్ణయించుకోవాలి.

మొదటి రెండు రోజులు

విమానంలో వచ్చినవారు ఈ రెండు రోజులూ విశ్రాంతి తీసుకొనుట అవసరం. మద్యం మానాలి, నీరు తగినంత త్రాగాలి. తలనొప్పి, వికారం ఉన్నంతవరకు పైకి వెళ్ళరాదు. ఆయాసం, తడబాటు, మగత కనిపిస్తే ఆలస్యం ప్రాణాపాయం. వెంటనే వైద్యుని చూచి, దిగువకు తరలిపోవాలి.

ఆహారం

ప్రధాన బజారు పరిసరాలలో స్థానిక వంటకాలు లభిస్తాయి. చలికాలంలో అనేక భోజనశాలలు మూసివేస్తారు.

* థుక్పా: నూడుల్స్ వేసి కాచిన వేడి పులుసు. తొలిరోజులకు అనుకూలం.
* స్క్యూ: గోధుమపిండి ముద్దలను కూరగాయలతో ఉడికించిన వంటకం.
* ఖంబీర్: పులియబెట్టిన పిండితో కాల్చిన మందపాటి రొట్టె.
* గుర్‌గుర్ చాయ్: వెన్న, ఉప్పు కలిపి చిలికిన తేనీరు.

చూడదగినవి

* లేహ్ రాజప్రాసాదం: 17వ శతాబ్దంలో సెంగే నామ్‌గ్యాల్ కాలంలో నిర్మించిన తొమ్మిది అంతస్తుల భవనం.
* శాంతిస్తూపం: 1991లో పూర్తయినది. మెట్లు ఎక్కువ కనుక మూడవ రోజు మేలు.
* థిక్సే బౌద్ధారామం: సుమారు 19 కిలోమీటర్ల దూరం.
* ఖర్దుంగ్ లా: సుమారు 5,359 మీటర్ల ఎత్తునున్న కనుమ. లేహ్‌కు 40 కిలోమీటర్లే అయినా దీనిని చివరకు ఉంచుకోవాలి.