పాత మ్యాచ్‌లకే ఒక టీవీ చానల్ ఉంటే? మన ఆటల వీడియోలు ఎక్కడికి పోతున్నాయి?

ఈరోజు ఒక చిన్న పనితో మొదలుపెడదాం. ఫోన్ తీసి, 1983 వరల్డ్ కప్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ కొట్టిన 175 నాటౌట్ వీడియో వెతకండి. థంబ్‌నెయిల్స్ బోలెడు వస్తాయి. నొక్కి చూస్తే ఫొటోలు, సినిమా సీన్లు, ఎవరో చెప్పే కథలు. అసలు మ్యాచ్ మాత్రం ఉండదు.

అది మీ సెర్చ్ తప్పు కాదు. ఆ వీడియోనే లేదు. 1983 జూన్ 18న ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో ఆ మ్యాచ్ జరిగింది. మనోళ్లు 17 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకుని కూర్చుంటే, కపిల్ 138 బంతుల్లో 175 కొట్టి స్కోరును 266కి చేర్చాడు. 31 పరుగులతో గెలిచాం. ఆ గ్రౌండ్‌లో టీవీ కెమెరా మాత్రం లేదు. ఆ రోజు బీబీసీలో సమ్మె అని చాలామంది చెప్తుంటారు. కారణం ఏదైనా, ఫలితం ఒకటే. 2021లో విడుదలైన ‘83’ సినిమా తీసినప్పుడు ఆ ఇన్నింగ్స్‌ని నటులతో మళ్లీ ఆడించాల్సి వచ్చింది.

సో, ఈరోజు టాపిక్ ఇదే. పాత ఆటల వీడియోలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎందుకు పోతాయి, పాత మ్యాచ్‌లు మాత్రమే వేసే చానల్ పెడితే ఏమవుతుంది. చివర్లో మన ఆత్మకూరు, ఉదయగిరి వైపు విషయం కూడా మాట్లాడదాం. అసలు పాయింట్ అక్కడే ఉంది.

అలాంటి చానల్ నిజంగానే ఉండేది

అమెరికాలో 1995లో ‘క్లాసిక్ స్పోర్ట్స్ నెట్‌వర్క్’ అని ఒక చానల్ మొదలైంది. లైవ్ కాదు, రోజంతా పాత మ్యాచ్‌లే. 1997లో దాన్ని ఈఎస్‌పీఎన్ కొనేసింది. తర్వాత ఈఎస్‌పీఎన్ క్లాసిక్ అని పేరు మార్చింది. పాతికేళ్లకు పైగా నడిచి 2021 డిసెంబర్ 31న మూతపడింది.

ఐడియా వినడానికి సూపర్‌గా ఉంటుంది. కొత్తగా కెమెరాలు అక్కర్లేదు, స్టేడియానికి పోనక్కర్లేదు. టేపు ఉంది, హక్కులు ఉన్నాయి, ప్లే నొక్కితే చాలు. కానీ ఆటకు మార్కెట్‌లో విలువ వచ్చేది ‘ఇప్పుడు ఏమవుతుందో తెలీదు’ అన్న టెన్షన్ వల్ల. రిజల్ట్ తెలిసిన మ్యాచ్‌కి ప్రకటనల రేటు లైవ్‌లాగా పలకదు. పైగా యూట్యూబ్ వచ్చాక, నాకు కావాల్సిన ఒక్క ఓవర్ కోసం టీవీ ముందు మూడు గంటలు ఎందుకు కూర్చుంటాను? మీరూ కూర్చోరు.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చిన సందర్భం 2020 లాక్‌డౌన్. లైవ్ ఆటలన్నీ ఆగిపోయాయి. దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ వేసింది గుర్తుందిగా? అదే టైంలో, ఏప్రిల్‌లో, డీడీ స్పోర్ట్స్‌లో 2000 తర్వాతి ఇండియా మ్యాచ్‌ల హైలైట్స్ వేశారు. కొత్త సరుకు లేనప్పుడు గోడౌన్ తలుపు తీశారన్నమాట. అంటే గోడౌన్ ఉంది. కాకపోతే అందులో ఏముందనేది, అప్పట్లో ఎవరు రికార్డ్ చేశారు, ఎవరు దాచారు అన్నదాని మీద ఆధారపడుతుంది.

టేపు చెరిపేసేవాళ్లు, నిజంగా

ఇప్పుడు మనకు స్టోరేజ్ అంటే లెక్కే లేదు. ఒకప్పుడు వీడియో టేపు చాలా ఖరీదైన వస్తువు. దాన్ని చెరిపి మళ్లీ వాడుకోవచ్చు కాబట్టి, ప్రసారం అయిపోగానే దాని మీదే ఇంకో ప్రోగ్రాం రికార్డ్ చేసేవాళ్లు. 1967 జనవరిలో అమెరికాలో జరిగిన మొదటి సూపర్ బౌల్‌ని రెండు పెద్ద నెట్‌వర్కులు లైవ్ ఇచ్చాయి. ఒక్కటి కూడా పూర్తి రికార్డింగ్ దాచలేదు. 2016లో ఫిల్ము ముక్కలన్నీ పోగేసి, రేడియో కామెంటరీ కలిపి ఆ మ్యాచ్‌ని మళ్లీ కూర్చాల్సి వచ్చింది. అంత డబ్బున్న దేశంలోనే పరిస్థితి ఇది.

మన సంగతి చూద్దాం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇండియా ఫుట్‌బాల్ గోల్డ్ గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాద్ మనిషి. అప్పటికి మన దేశంలో టీవీ అంటే ఢిల్లీలో 1959లో మొదలైన ప్రయోగ ప్రసారాలే. హైదరాబాద్‌లో దూరదర్శన్ ప్రసారాలు వచ్చింది 1977లో. అంటే హైదరాబాద్ ఫుట్‌బాల్ వెలిగిపోయిన రోజుల్లో, దాన్ని తీసి దాచిపెట్టే టీవీ స్టేషన్ ఆ ఊళ్లోనే లేదు.

పాత వీడియో ఎందుకు అంత మసకగా ఉంటుంది?

ఇది నా ఏరియా, కొంచెం టెక్నికల్‌గా చెప్తాను. అప్పటి మన టీవీ పద్ధతి పేరు పాల్. తెర మీద కనిపించే గీతలు 576. ఇప్పటి ఫుల్ హెచ్‌డీలో 1080. పైగా పాల్‌లో ఒక బొమ్మని రెండు సగాలుగా పంపేవాళ్లు. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. రెండూ కలిపి సెకనుకు 25 బొమ్మలు. పాత గుండ్రటి టీవీల్లో ఇది బాగానే కనిపించేది. ఫోన్‌లో సరిగా మార్చకుండా వేస్తే, బంతి వేగంగా వెళ్లినప్పుడు అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. చాలా అప్‌లోడ్లలో మీరు చూసే గీతలు అవే.

ఇంకో విషయం. టేపుని డిజిటల్‌లోకి మార్చడం ఫైల్ కాపీ చేసినట్టు కాదు. అది ఎంతసేపు ఆడుతుందో అంతసేపు పడుతుంది. ఐదు రోజుల టెస్టు అంటే దాదాపు 30 గంటల ఆట. 30 గంటలూ మెషీన్ తిరగాల్సిందే, మనిషి గమనించాల్సిందే. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున దాచితే గంటకు 22 జీబీ పైన, మొత్తం టెస్టు సుమారు 675 జీబీ. ఇది ఒక్క మ్యాచ్‌కి. ఈ రోజుల్లో డిస్క్ దొరకడం కష్టం కాదు. టేపు ప్లే చేసే మెషీన్ దొరకడమే కష్టం. ఇళ్లలో వాడే వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016లో ఆపేసింది.

ఉన్న వీడియో పెడితే స్ట్రైక్ ఎందుకు?

2001 మార్చి, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. ఫాలోఆన్ ఆడుతూ మన లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. ఇద్దరూ కలిసి 376 పరుగులు. నాలుగో రోజంతా ఒక్క వికెట్ పడలేదు. ఆ క్లిప్ పెట్టాలని ఎవరికైనా ఉంటుంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఉంటుంది. ప్రసారమైన సంవత్సరం తర్వాతి జనవరి నుంచి లెక్క. అంటే 2001 ప్రసారానికి 2026 చివరి దాకా. హమ్మయ్య, ఆ తర్వాత ఫ్రీ అనుకోవద్దు. రికార్డ్ అయిన వీడియోకి, సినిమాకి ఉన్నట్టే, 60 ఏళ్ల హక్కు వేరే ఉంది.

ఇక్కడే ఆర్కైవ్ చానల్‌కి రెండో ఇబ్బంది. ఒక సిరీస్ హక్కులు ఒకరివి, ఇంకో సిరీస్ హక్కులు ఇంకొకరివి. ఇప్పుడు వేల కోట్లు పెట్టి కొనేది రాబోయే మ్యాచ్‌లని. 2023లో బీసీసీఐ స్వదేశీ మ్యాచ్‌ల హక్కులు ఐదేళ్లకు 5,963 కోట్లకు అమ్ముడయ్యాయి. పాతవాటికి ఒక్కో దానికీ వేరే వేరేగా మాట్లాడుకోవాలి. ఆదాయం తక్కువ, కాగితాలు ఎక్కువ.

మరి తెలుగులో?

స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు మొదలైంది 2018 డిసెంబర్‌లో. పూర్తిగా తెలుగు కామెంటరీతో ఒక స్పోర్ట్స్ చానల్ ఉండటం అనేది అంత కొత్త విషయం. 2000లో సిడ్నీలో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు మనకు ఇలాంటి చానలే లేదు. మన భాషలో ఆటల గొంతు ఎక్కువగా రేడియోలోనే వినిపించేది. రేడియోలో గాలికి పోయిన మాటని వెనక్కి తేలేం.

ఇప్పుడు మన వైపుకు వద్దాం. సంక్రాంతికీ తిరునాళ్లకీ ఇక్కడ కబడ్డీ, వాలీబాల్, ఎద్దుల బండలాగుడు పోటీలు జరుగుతాయి. వాటికి ఏ చానలూ రాదు. తీసేది పెళ్లి వీడియోలు తీసే అన్నలే. ఒకప్పుడు క్యాసెట్ల మీద, తర్వాత సీడీల మీద, ఇప్పుడు ఫోన్లలో. ఆ క్యాసెట్లు ఎక్కడో అటక మీద తేమకు బూజు పడుతుంటాయి. లక్ష్మణ్ 281 కాపీ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. మీ ఊరి కబడ్డీ ఫైనల్‌కి ఉన్నది ఒక్కటే కాపీ. అది పోతే కపిల్ 175 లాగే, ఇక కథ చెప్పుకోవడమే. దాన్ని మళ్లీ ఆడించడానికి బాలీవుడ్ కూడా రాదు.

ఐటీలో కోడ్ రాసిన రోజుల నుంచి నాకు ఒక రూల్ అలవాటు. ఒక్క కాపీ ఉంటే అది లేనట్టే లెక్క. కాబట్టి నాలుగు పనులు చెప్తాను, ఖర్చు పెద్దగా లేదు.

ఒకటి, మ్యాచ్ వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గించి పంపుతుంది, క్వాలిటీ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. రెండు, రెండు కాపీలు రెండు వేరే వేరే చోట్ల పెట్టండి. రెండూ ఒకే ఫోన్‌లో ఉంటే ఫోన్‌తోపాటే పోతాయి. మూడు, ఫైల్ పేరులో ఊరు, ఆట, తేదీ, ఆడిన జట్లు రాయండి. ఇరవై ఏళ్ల తర్వాత ‘వీడియో 0047’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. నాలుగు, మీ ఊళ్లో పాత క్యాసెట్లున్న వీడియో అన్న ఎవరైనా ఉంటే, ప్లేయర్ పనిచేస్తున్నప్పుడే వెళ్లి అడగండి. మార్చడానికి గంట క్యాసెట్‌కి గంట పడుతుంది, అంతే.

పాత మ్యాచ్‌ల చానల్ లాభాల్లో నడవడం కష్టమని చూశాం కదా. మన ఊరి ఆటలకి అలాంటి చానల్ ఎవరూ పెట్టరు కూడా. కాబట్టి ఈ ఎపిసోడ్ అయిపోగానే గ్యాలరీ ఓపెన్ చేసి, పోయిన సంక్రాంతి మ్యాచ్ వీడియో ఇంకా ఉందో లేదో ఒకసారి చూడండి. ఉంటే, స్టోరేజ్ ఫుల్ అని దాన్ని డిలీట్ చేసే ముందు ఇంకో చోటికి కాపీ చేయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.