తడి ఇసుక చెప్పిన పాఠం

పిల్లలూ! వేసవి సెలవులు వచ్చాయి. మీలో చాలామంది అమ్మమ్మగారి ఊరికో, మేనత్తగారి ఊరికో ప్రయాణమవుతూ ఉంటారు. ఆ ఊరు సముద్రానికి దగ్గరైతే ఇక చెప్పేదేముంది? ఒక పూట అందరూ కలిసి ఒడ్డుకు బయలుదేరుతారు. డబ్బాలో పులిహోర సర్దుకుంటారు, మంచినీళ్లు పట్టుకుంటారు. వాటితోపాటు ఖర్చులేనిదీ, బరువులేనిదీ మరొకటి కూడా తీసుకువెళ్లండి. అది ఒక ప్రశ్న. సముద్రం దగ్గర ప్రశ్న ఎంత విలువైనదో నాకు ఒక చిన్నపిల్ల నేర్పింది. ముందుగా ఆ సంగతి చెబుతాను.

అది 1993వ సంవత్సరం. నేను ఏడవ తరగతి పిల్లలను వెంటబెట్టుకుని భీమునిపట్నం వెళ్లాను. సముద్రంలోనుంచి సూర్యుడు పైకి వచ్చే వింత చూపించాలని తెల్లవారకముందే ఒడ్డుకు చేరాము. తూర్పున ఆకాశం ఎర్రబడుతున్నది. మా వెనుక, పడమటి దిక్కున, చైత్రపు పున్నమి చంద్రుడు దిగిపోతున్నాడు. ఇసుక గట్టిగా, చదునుగా, నడవటానికి హాయిగా ఉన్న చోటు ఒకటి చూసి, "చెప్పులూ, సంచులూ, టిఫిను డబ్బాలూ అన్నీ ఇక్కడ పెట్టండి" అన్నాను.

అప్పుడు ఒక పిల్ల వంగి ఇసుకను వేలితో తాకి, "మాస్టారూ, కెరటాలు అంత దూరాన ఉన్నాయి కదా! ఇక్కడ ఇసుక ఎందుకు తడిగా ఉన్నది?" అని అడిగింది.

"మంచు కురిసి ఉంటుందిలే. పద, పద! ఆలస్యమవుతున్నది" అన్నాను నేను.

సూర్యోదయం చూశాము. తరువాత ఊళ్లోని పాత దీపస్తంభమూ, డచ్చివారి సమాధులూ చూసి, తొమ్మిది గంటల వేళకు ఆకలితో నకనకలాడుతూ తిరిగి వచ్చాము. ఏముంది! మేము డబ్బాలు పెట్టిన చోట మోకాటిలోతు నీళ్లు ఉన్నాయి. రెండు సంచులు మాత్రం ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. తక్కినవన్నీ సముద్రుడికి ఫలహారమైపోయాయి. అక్కడ వల బాగుచేసుకుంటున్న ముసలాయన నవ్వి, "పున్నమి పోటు కాదా బాబూ, సంద్రం ఊరుకుంటాదేటి?" అన్నాడు. ఆ రోజు పిల్లలు చెప్పులు లేని కాళ్లతో, మండుటెండలో బస్సుదాకా నడిచారు.

పోటుపాట్ల సంగతి నాకు తెలియక కాదు. ఏటేటా ఆ పాఠం నేనే చెప్పేవాణ్ణి. నల్లబల్లమీద చంద్రుడి బొమ్మ కూడా వేసేవాణ్ణి. కాని ఆనాడు ఆకాశంలో ఉన్న చంద్రుణ్ణి చూసి కూడా ఆ పాఠం గుర్తు తెచ్చుకోలేదు. ఆ పిల్లకు పాఠం ఇంకా రాలేదు గాని, కాలికింద ఇసుక తడి తెలిసింది.

ఇంతకూ ఆ పిల్ల ప్రశ్నకు సమాధానమేమిటి? మన తీరాన సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పొంగి ఒడ్డుమీదికి వస్తుంది, రెండుసార్లు తగ్గి వెనక్కు పోతుంది. పొంగటాన్ని పోటు అనీ, తగ్గటాన్ని పాటు అనీ అంటారు. దీనికి ముఖ్యకారణం చంద్రుడు. చంద్రుడు తనకు దగ్గరగా ఉన్న నీటిని ఎక్కువగా లాగుతాడు. దానికన్న దూరంగా ఉన్న భూమిని కొంచెం తక్కువగా లాగుతాడు. భూమికి అవతలివైపు ఉన్న నీటిని మరీ తక్కువగా లాగుతాడు. అందుచేత రెండువైపులా నీరు ఉబ్బుతుంది. భూమి తనచుట్టూ తాను తిరుగుతున్నది కనుక, ఒక రోజులో మన తీరానికి రెండు పోట్లు వస్తాయి.

సూర్యుడు కూడా లాగుతాడు. కాని అతను చాలా దూరాన ఉన్నందువల్ల, పోటు తెప్పించటంలో అతని బలం చంద్రుడి బలంలో సగానికన్న తక్కువ. అమావాస్యకూ, పున్నమికీ సూర్యుడూ, భూమీ, చంద్రుడూ ఇంచుమించు ఒకే వరుసలోకి వస్తాయి. అప్పుడు ఇద్దరి బలమూ కలిసి పోటు పెద్దదవుతుంది. అష్టమి రోజులలో చిన్నదవుతుంది. విశాఖపట్నం దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. గుజరాతులోని ఖంభాతు సింధుశాఖలో ఇది 10 మీటర్లదాకా ఉంటుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో అయితే 16 మీటర్లదాకా పోతుంది. అంటే అయిదంతస్తుల మేడంత ఎత్తు అన్నమాట! సముద్రం ఇరుకుదారిలోకి చొచ్చుకుపోయే చోట్ల నీరు ఇలా ఎత్తుగా లేస్తుంది.

మీరు ఒడ్డుకు చేరగానే ఒక పని చెయ్యండి. కెరటం వచ్చి ఆగిన చోట ఒక పుల్ల గుచ్చండి. పావుగంట ఆగి చూడండి. నీరు పుల్లను దాటిపోతూ ఉంటే పోటు వస్తున్నది. పుల్లదాకా రాలేకపోతూ ఉంటే పాటు నడుస్తున్నది. ఇంకొంచెం పైన ఎండిన నాచూ, గవ్వలూ, పుల్లలూ ఒక గీతలాగా పడి ఉంటాయి. క్రిందటి పోటు అందాకా వచ్చిందని గుర్తు. మీ సంచులు ఆ గీతకు బాగా పైన పెట్టుకోండి. నాలాగా మోసపోకండి!

మరొక ప్రశ్న. కెరటం మనవైపు పరుగెత్తుకు వస్తున్నది కదా, మరి నీరు కూడా అంతదూరం నుంచి పరుగెత్తుకు వస్తున్నదా? ఒడ్డుకు దూరంగా నీటిమీద తేలుతున్న కొబ్బరిడొక్కను గమనించండి. కెరటం వచ్చినప్పుడు పైకి లేస్తుంది, కెరటం దాటిపోగానే కిందికి దిగుతుంది. ఇంచుమించు ఉన్న చోటనే ఉంటుంది. నడిచేది కెరటమే గాని నీరు కాదు. ఇంటికి వచ్చాక, ఒక తాడు కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొస పట్టుకుని ఒక్కసారి విదిలించండి. తాడుమీద వంపు కిటికీదాకా పరుగెత్తుతుంది. తాడు మాత్రం మీ చేతిలోనే ఉంటుంది.

వేసవి పగటివేళ సముద్రంనుంచి చల్లని గాలి వస్తుంది. ఎందుకు? ఒక పళ్లెంలో పొడి ఇసుక, ఒక పళ్లెంలో నీళ్లు పోసి గంటసేపు ఎండలో పెట్టి తాకి చూడండి. ఇసుక చురుక్కుమంటుంది, నీరు అంత వేడెక్కదు. అలాగే పగలు నేల త్వరగా వేడెక్కి, దానిమీది గాలి తేలికై పైకి పోతుంది. ఆ చోటులోకి సముద్రంమీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కనుక గాలి నేలనుంచి సముద్రంవైపు వీస్తుంది.

సీసాలో కాసిని సముద్రపు నీళ్లు కూడా తెచ్చుకోండి. పళ్లెంలో పోసి ఎండలో ఉంచితే తెల్లని ఉప్పు మిగులుతుంది. మహాసముద్రాలలో లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన బంగాళాఖాతంలో పైనీటికి ఉప్పదనం ఇంతకన్న తక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ మొదలైన నదులన్నీ మంచినీళ్లు తెచ్చి ఇందులోనే పోస్తున్నాయి కదా!

ఇక అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న చెబుతాను. జాగ్రత్తగా వినండి. ఒడ్డు పొడుగునా కెరటాలు తెల్లగా విరిగిపడుతూ ఉంటే, మధ్యలో ఒకచోట మాత్రం కెరటాలు విరగకుండా, నీరు కాస్త నల్లగా, నెమ్మదిగా కనిపిస్తుంది. "ఇక్కడ అలలు లేవు, స్నానానికి ఇదే మంచిచోటు" అనుకుంటారు తెలియనివారు. అదే పెద్ద పొరపాటు. కెరటాలు ఒడ్డుకు తెచ్చి పోసిన నీరు తిరిగి పోవాలి కదా? అది అలాంటి సందులగుండా లోపలికి వేగంగా పోతుంది. నురగా, ఇసుక కలిసిన మురికినీరూ లోపలికి పోతూ ఉండటం దానికి గుర్తు. అందులో చిక్కుకుంటే గజ ఈతగాడు కూడా ఒడ్డువైపు ఎదురీదలేడు. ప్రతి వేసవిలోనూ సరదాకు వెళ్లినవారు ఇలా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

కనుక నీళ్లలో దిగేముందు అక్కడి జాలరులనో, కాపలా ఉన్న గజ ఈతగాళ్లనో "ఎక్కడ దిగవచ్చు?" అని అడగండి. పెద్దల చెయ్యి విడవకండి. ఒకవేళ ప్రవాహం లాగితే భయపడి ఎదురీదకూడదు. చెయ్యి పైకెత్తి సాయం కోసం కేకవెయ్యాలి, నీటిమీద తేలుతూ ఉండాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈది ఆ సందునుంచి బయటపడి, అప్పుడు ఒడ్డువైపు రావాలి. ఒడ్డున ఉన్నవారు వెంటనే నీళ్లలోకి దూకకూడదు. తాడో, మూతపెట్టిన ఖాళీ డబ్బానో విసిరి, ఈతగాళ్లను పిలవాలి.

ఒక పిల్ల అడిగిన మాట పెద్దలు వింటే ఏమవుతుందో కూడా చెబుతాను. టిల్లీ స్మిత్ అనే ఇంగ్లండు బాలిక ఉన్నది. 2004లో ఆమెకు పదేళ్లు. క్రిస్మస్ సెలవులకు అమ్మానాన్నలతో థాయిలాండులోని ఫుకెట్ ద్వీపానికి వెళ్లింది. డిసెంబరు 26న ఉదయం వాళ్లు మైఖావ్ అనే తీరంలో నడుస్తున్నారు. నీరు నురగలు కక్కుతూ ముందుకు వస్తూనే ఉన్నది, వెనక్కు పోవటం లేదు. రెండు వారాల క్రితమే బడిలో భూగోళం మాస్టారు సునామీని గురించి చెప్పిన పాఠం టిల్లీకి గుర్తు వచ్చింది. "సునామీ రాబోతున్నది!" అని ఆమె కేకలు వేసింది. మొదట తల్లికి అంతగా నమ్మకం కలగలేదు. టిల్లీ పట్టు విడవలేదు. తండ్రి ఆమె మాట విని హోటలు కావలివానికి చెప్పాడు. వెంటనే ఒడ్డున ఉన్నవారిని ఖాళీ చేయించారు. సుమారు నూరుమంది బతికారు. ఆ తీరంలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఆ రోజున సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూకంపం వచ్చి లేచిన కెరటాలు అనేక దేశాలలో రెండు లక్షల ఇరవైవేల మందికి పైగా పొట్టన పెట్టుకున్నాయి. మన ఆంధ్ర తీరంలో కూడా నూరుమందికి పైగా పోయారు. ఆ కెరటాలు మన తూర్పు తీరానికి రావటానికి రెండు గంటలకు పైగా పట్టింది. కాని ముందుగా హెచ్చరించే ఏర్పాటు అప్పుడు హిందూ మహాసముద్రానికి లేదు. ఇప్పుడు ఉన్నది. ఎక్కడో తెలుసా? సముద్రమే లేని మన హైదరాబాదులో! అక్కడి భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం 2007 నుంచి రాత్రీపగలూ సముద్రాన్ని కనిపెట్టి ఉంటున్నది. అయినా, ఒడ్డున ఉండగా భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఎన్నడూ లేనంత దూరం వెనక్కు పోయినా, గవ్వలకోసం ఆగకుండా ఎత్తైన చోటుకు పరుగెత్తండి. అధికారులు చెప్పేదాకా తిరిగి రాకండి.

మా భీమునిపట్నం పిల్ల సంగతి మిగిలిపోయింది. మర్నాడు తరగతిలో ఆ పిల్లను పిలిచి, అందరిముందూ, "అమ్మా, నిన్న నీ ప్రశ్నే సరైనది. నేను వినలేదు. తప్పు నాది" అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడి, "మరి ఇసుక ఎందుకు తడిగా ఉన్నది మాస్టారూ?" అని మళ్లీ అడిగింది! ఆ రోజు నేను చెప్పినంత బాగా పోటుపాట్ల పాఠం మరెన్నడూ చెప్పలేదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ పిల్ల దారిలో ఆగి "ఎందుకు?" అంటే, బస్సు తప్పిపోయినా సరే, ఒక్క నిమిషం వంగి ఆ పిల్ల చూపిస్తున్నది చూడండి. జవాబు తెలియకపోతే "ఇద్దరమూ కనుక్కుందాం" అనండి.

పిల్లలూ, మీ ఊళ్లో సముద్రం లేదని విచారించకండి. పున్నమి మర్నాటినుంచి వారం రోజులు చంద్రుడు ఉదయించే వేళ గడియారం చూసి పుస్తకంలో రాసుకోండి. అర్ధరాత్రి అయితే ఆ పని నాన్నగారికి అప్పగించండి. రోజు రోజుకూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. దూరాన ఎక్కడో సముద్రపు పోటు కూడా అలాగే ఆలస్యమవుతూ ఉంటుంది. మీ ఇంటి డాబామీద కూచునే మీరు సముద్రం సంగతి కనిపెట్టగలరు. ఇదే ఈ సెలవులకు మీ పని!