మోటారు ఇంజను శ్వాసనాళములో నూనె యేల చేరును?

పాత మోటారుకారు గలవారు గాలివడపోత పెట్టెమూత విప్పి చూచునప్పుడు ఆ పెట్టె యడుగునను, దానినుండి కార్బురేటరునకు పోవు గొట్టములోను నల్లని జిడ్డు పేరుకొనియుండుట యొక్కొకప్పుడు కానవచ్చును. గాలి మాత్రమే పోవలసిన త్రోవలోనికి నూనె యెట్లు వచ్చెను? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము తెలియకపోవుటచే పలువురు గృహస్థులు అక్కఱలేని వ్యయమునకు లోనగుచున్నారు. మేస్త్రీ దానిని చూచి, "అయ్యా, ఇంజను బోరుకు వచ్చినది, దింపవలసినదే" యనును. ఇంజను దింపి, సిలిండర్లు బోరు చేయించి, పిస్టనులను రింగులను మార్పించుట సామాన్య కుటుంబమునకు పెద్ద భారము. మేస్త్రీ మాట నిజమైనను కావచ్చును, కాకయు పోవచ్చును. అది తేల్చుకొను విధమును మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయబూనితిని.

అంబాసిడరు కారును ఉదాహరణముగా తీసికొందము. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు బండి ననుసరించి పుట్టిన యీ కారును హిందూస్థాన్ మోటార్స్ వారు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో 2014 వఱకు తయారుచేసిరి. దాని పాత పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు గలవు. వాని మొత్తపు పరిమాణము 1489 ఘన సెంటీమీటర్లు. క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి ప్రతి సిలిండరును ఒకసారి గాలి పీల్చును. నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో 1500 పర్యాయములు పీల్చినట్లగును. గుణించి చూడుడు: త్రోటిలు పూర్తిగా తెఱచియున్నపుడు నిమిషమునకు హెచ్చుపక్షము 2,233 లీటర్ల గాలి! త్రోటిలు మూసికొనిన కొలది ఇది తగ్గును. ఇంత గాలి పరుగెత్తు త్రోవలో చుక్క నూనె చేరినను అది గోడల కంటుకొని, ధూళిని పట్టుకొని జిడ్డుగా మాఱును.

ఇక నూనె వచ్చు విధము. పిస్టను రింగులు ఎంత క్రొత్తవైనను సిలిండరులో మండిన వాయువును పూర్తిగా ఆపజాలవు. కొంత వాయువు వాని ప్రక్కలనుండి జాఱి క్రింది క్రాంకు పెట్టెలోనికి దిగును. అచ్చట సుడులు తిరుగుచున్న నూనెతుంపరతో అది కలియును. ఆ వాయువునకు బయటికి త్రోవ లేకపోయినచో ఒత్తిడి పెరిగి, సీలులను త్రోసికొని నూనె బయటికి కాఱును. పూర్వము ఇంజను ప్రక్కన ఒక గొట్టము పెట్టి ఆ పొగను రోడ్డుమీదికే విడిచెడివారు. దానిచే గాలి చెడుచున్నదని గుర్తించి, అమెరికాలోని కాలిఫోర్నియాలో 1961వ సంవత్సరపు నమూనాలతో మొదలుపెట్టి, ఆ పొగను మరల ఇంజనే పీల్చి కాల్చివేయునట్లు ఒక కవాటము నమర్చిరి. దానినే పి.సి.వి. వాల్వు అందురు. కొన్ని పాత బండ్లలో ఈ వాల్వు లేకున్నను, ట్యాపెట్ కవరునుండి గాలివడపోతకు ఒక రబ్బరు గొట్టము పోవుచుండును.

కావున గొట్టములో కొంచెము నూనెతడి యుండుట వ్యాధి కాదు; అది ఇంజను కట్టడిలోనిదే. వ్రేలితో తుడిచిన అంటునంతటి తడికి వెఱవ నక్కఱలేదు. నూనె మడుగుగా నిలిచియున్నచో విచారింపవలెను.

విచారణము చౌకైన కారణములతో మొదలుపెట్టవలెను. మొట్టమొదట ఆయిల్ గేజి కడ్డీ తీసి చూడుడు. "ఇంకొంచెము పోసిన మంచిదే కదా" యని గుర్తుకు మించి నూనె పోయువారు మనలో తక్కువమంది కారు. అట్లు పోసిన నూనెను క్రాంకు చిలికి తుంపర చేయును. ఆ తుంపర రబ్బరు గొట్టము వెంట పైకి పోవును. కొన్ని పాత బండ్లలో గాలివడపోతయే నూనెతొట్టితో కూడియుండును; దుమ్ము ఆ నూనెలో పడి నిలుచును. ఆ తొట్టిలో గీత దాటి నూనె పోసినచో ఇంజను దానినే పీల్చుకొనును. అట్టి బండికి రింగులు మార్పించి ఫలమేమి? మన ప్రాంతమున దుమ్ము సంగతియు తలపవలసియున్నది. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రోడ్డు పులికాటు సరస్సు నడుమగా సాగును. వేసవిలో సరస్సు ఎండిన చోట్లనుండి దుమ్ము లేచును. వడపోత దుమ్ముతో మూసికొనిపోయినపుడు లోపలి పీల్పు హెచ్చి, క్రాంకు పెట్టెలోని నూనెతుంపరను ఎక్కువగా లాగును. పి.సి.వి. వాల్వు జిడ్డుతో బిగిసిపోయినను చిక్కే.

స్టేషనుకును బజారునకును మాత్రమే బండిని త్రిప్పువారు మఱియొకటి గమనింపవలెను. ఇంజను బాగుగా వేడెక్కకమునుపే ఆపుచుండుటచే లోపలి నీటియావిరి బయటికి పోక నూనెతో కలిసి, మూతక్రింద మజ్జిగవంటి పదార్థముగా కానవచ్చును. అట్టి బండిని అప్పుడప్పుడు నాయుడుపేట వఱకైన నడుపుట మంచిది. అప్పటికిని ఆ తెలుపు పోక, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో అది వేఱు రోగము. హెడ్ గ్యాస్కెట్టును చూపింపవలెను.

ఇవన్నియు సరిగానున్నను నూనె చేరుచున్నచో అప్పుడు రింగులను శంకింపవచ్చును. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా నూనెపోయు మూత తీసినచో పొగ బుస్సుబుస్సున తన్నుకొని వచ్చును. బరువు లాగునపుడు వెనుక నీలిపొగ కానవచ్చును. రాత్రి నిలిపి ఉదయము స్టార్టు చేసినపుడు మాత్రమే నీలిపొగ వచ్చి పోవుచున్నచో తప్పు వాల్వు సీలులదో గైడులదో కావచ్చును. దానికి ఇంజనంతయు దింపనక్కఱలేదు. నిశ్చయము కావలెనన్నచో కంప్రెషను కొలిపింపుడు. ఒత్తిడి తక్కువగానున్న సిలిండరులో ఒక చెంచాడు నూనె పోసి మరల కొలువగా ఒత్తిడి పెరిగిన రింగులు అరిగినవనియు, పెరుగకున్న లోపము వాల్వులలోనో గ్యాస్కెట్టులోనో యున్నదనియు తలపవలెను. మేస్త్రీని ఈ పరీక్ష చేయుమని మర్యాదగా అడుగుట యజమాని హక్కు.

డీసెలు బండ్ల విషయమున మాత్రము ఉపేక్ష తగదు. పెట్రోలు ఇంజనునకు నిప్పురవ్వ కావలెను. తాళము త్రిప్పినంతనే రవ్వ ఆగి ఇంజను నిలుచును. డీసెలు ఇంజనునకు రవ్వతో పనిలేదు. టర్బో సీలు చెడి గాలిత్రోవలో నూనె నిండినచో ఆ నూనెనే ఇంధనముగా కాల్చుచు ఇంజను తనంతట తాను విజృంభించును; తాళము తీసినను ఆగదు, పగిలిపోవుటయు కలదు. గేర్లబండియైనచో బ్రేకు గట్టిగా త్రొక్కి, పెద్ద గేరు వేసి, క్లచ్చి విడిచి ఇంజనును అణచవలెను. సాధ్యము కాకున్న దూరముగా తొలగిపోవుడు. గాలిమూతికి చేయి అడ్డము పెట్టుట మిక్కిలి యపాయము.

గొట్టములను విప్పి కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి బిగింపవలెను. పెట్రోలుతో కడుగరాదు, మూసిన షెడ్డులో ఇంజను నడుపనురాదు. పిదప కిలోమీటర్ల అంకెను, గేజి కడ్డీపై నూనెమట్టమును ఒక పుస్తకమున వ్రాసికొని, 1000 కిలోమీటర్లు నడిచిన తరువాత అదే గొట్టమును మరల విప్పి చూడుడు.