ఫోనుకు దారి చెప్పిన పెట్టె

పిల్లలూ! 2005లో వచ్చిన నోకియా ఎన్70 ఫోనుకు తానెక్కడున్నదో తెలియదు. అందుకని అగ్గిపెట్టెలాంటి జి.పి.ఎస్. పెట్టెను విడిగా కొని, బ్లూటూత్‌తో జతచేసేవాళ్లం. పటం ఫోనులోది; చోటు చెప్పేది పెట్టె.

సికిందరాబాదు స్టేషనులో కప్పుకింద నా పెట్టె అరగంటైనా ఉలకలేదు! ఆరుబయటికి రాగానే, కాసేపటికి మాట్లాడింది. ఎందుకంటారా? 20,200 కిలోమీటర్ల ఎత్తునుంచి ఉపగ్రహాలు పంపే సంకేతం బహు బలహీనం, కప్పు దాటలేదు. పెట్టె వాటికేమీ పంపదు, వింటుందంతే. సంకేతం బయలుదేరిన వేళకూ చేరిన వేళకూ తేడా చూసి దూరం లెక్కకడుతుంది. చోటు తెలియడానికి మూడు దూరాలు చాలు గదా, నాలుగో ఉపగ్రహం దేనికి? పెట్టెలోని చవక గడియారాన్ని సరిదిద్దడానికి! అది సెకనులో పదిలక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. గడియారస్తంభం కింద నిలబడ్డ మిమ్మల్ని మోండా మార్కెటు వైపు తోసేస్తుంది!