ఇరాన్‌లో నిరసనలు, అధికార మార్పిడి: 1979 నుంచి 2022 వరకు

ఇరాన్ రాచరికం 1979లో కూలిపోవడానికి వీధుల్లోకి వచ్చిన జనసందోహమే కారణమని సాధారణంగా భావిస్తారు. ఇది సగం నిజం. 1978 జనవరిలో కోమ్ నగరంలో నిరసనకారులపై కాల్పులు జరిగాయి. షియా సంప్రదాయంలో మృతులకు నలభయ్యవ నాడు సంస్మరణ జరపడం ఆచారం. ఆ సంస్మరణ దినమైన ఫిబ్రవరి 18న తబ్రీజ్ భగ్గుమంది. అక్కడి మరణాలు మరో నలభయ్యవ నాటికి దారితీశాయి. సంతాపమే ఉద్యమానికి పంచాంగమైంది. అయితే షా ప్రభుత్వాన్ని నిజంగా స్తంభింపజేసినవి ఆ శరదృతువులో చమురు కార్మికుల సమ్మె, బజారు వర్తకుల మూసివేత. (మన 'బజారు' పారశీక పదమే, అక్కడ అది అంగళ్ల వరుసను మాత్రమే కాక, మతపెద్దలతో గాఢసంబంధం గల ఒక వర్గాన్ని కూడా సూచిస్తుంది.) 1979 ఫిబ్రవరి 11న సైన్యం తటస్థత ప్రకటించడంతో పాత వ్యవస్థ అంతమైంది.

ఈ చివరి ఘట్టాన్ని కొత్త పాలకులు మరవలేదు. అదే ఏడాది విప్లవ రక్షక దళాన్ని నెలకొల్పారు. రాజ్యాంగం దేశ సరిహద్దుల రక్షణను సైన్యానికి, విప్లవ రక్షణను ఈ దళానికి అప్పగించింది. తర్వాతి దశాబ్దాల్లో నిర్మాణ, ఇంధన రంగాల కాంట్రాక్టులు కూడా దళం చేతికి వచ్చాయి. కాబట్టి పాలన కూలితే దళాధిపతులు కోల్పోయేది పదవిని మాత్రమే కాదు. తటస్థత వారికి లాభసాటి కాదు.

రాజ్యాంగ మార్గమూ వలయాకారమే. సర్వోన్నత నాయకుణ్ణి ఎన్నుకునేది నిపుణుల సభ. ఆ సభకు పోటీచేసేవారిని వడపోసేది 12 మంది సభ్యుల సంరక్షక మండలి. అందులో ఆరుగురిని నేరుగా నియమించేది సర్వోన్నత నాయకుడే.

2022 సెప్టెంబరు 16న నైతిక పోలీసుల నిర్బంధంలో ఉన్న 22 ఏళ్ల కుర్దు యువతి మహ్సా అమీనీ మరణించింది. నలభయ్యవ నాడు సఖ్ఖెజ్‌లోని ఆమె సమాధి వద్దకు వేలాదిమంది నడిచి వెళ్లారు. పాత పంచాంగం మళ్లీ తెరుచుకుంది. అక్టోబరులో అసలూయే పెట్రోకెమికల్ కార్మికులు పని ఆపారు గాని, 1978 నాటి చమురు సమ్మెలా అది దేశమంతటా విస్తరించలేదు. రక్షక దళం చీలలేదు. డిసెంబరులో నిరసనకారుల ఉరితీతలు మొదలయ్యాయి.

దీన్ని కేవల వైఫల్యంగా లెక్కించడం తొందరపాటు. పార్లమెంటు 2023లో ఆమోదించిన కఠిన హిజాబ్ చట్టం అమలును 2024 డిసెంబరులో పాలకులే నిలిపివేశారు. టెహ్రాన్ వీధుల్లో తలముసుగు లేని స్త్రీలు అప్పటికే సాధారణ దృశ్యమయ్యారు.