నిద్రలేని చిత్రగుప్తుడు

వీధి గుమ్మం పైన నల్లని గాజుకన్ను బిగించుకున్న యింటాయనకు ఒక విధమైన ధీమా వుంటుంది. కాని కెమేరా చూస్తుందేగాని జ్ఞాపకం పెట్టుకోదు. చూసిందంతా రాసిపెట్టే చిత్రగుప్తుడు వేరే వున్నాడు. టీవీ బల్ల కిందనో, అటక మీదనో, రికార్డరు అనే డబ్బాలో ఆయన కాపరం. హార్డు డిస్కు ఆయన చిట్టా.

మా వీధిలో ఒకరి యింట తాళం పగిలి నగలు పోయినప్పుడు పోలీసులు వచ్చి మొదట అడిగింది ఆ డబ్బానే. తెరమీద నాలుగు కెమేరాలూ చక్కగా బొమ్మ చూపిస్తున్నవి. చిట్టాలో మాత్రం మూడు నెలలుగా ఒక్క పుటా లేదు. డిస్కు యెప్పుడో చచ్చింది. చచ్చేముందు డబ్బా కుయ్యి కుయ్యిమని మొత్తుకుంటే, నిద్ర చెడుతున్నదని యెవరో మెనూలోకి వెళ్ళి ఆ కూత ఆపేశారట!

డిస్కు చాకిరీ యెంతో లెక్క వేద్దాం. సెకనుకు 4 మెగాబిట్లు పంపే కెమేరా రోజుకు సుమారు 43 గిగాబైట్లు రాయిస్తుంది. నాలుగు కెమేరాలైతే 173. ఏడాదికి 63 టెరాబైట్లు! మామూలు కంప్యూటరు డిస్కులు కొన్నిటికి తయారుచేసినవారు పెట్టిన హద్దు ఏడాదికి 55 టెరాబైట్లే. నిఘా రికార్డర్ల కోసమే చేసినవి రాత్రింబవళ్ళు తిరుగుతవి. 180 దాకా ఓర్చుకునేవి వున్నవి. నాలుగు రూపాయలు తక్కువకు వచ్చిందని మొదటి రకం బిగించటం, జట్కా గుర్రాన్ని గానుగకు కట్టటమే.

తరువాతి శత్రువు వేడి. వెనుకటి రోజుల్లో రేడియోకు కప్పినట్లు, మన ఆడవాళ్ళు ఈ డబ్బాకూ అల్లిక గుడ్డ కప్పుతారు. మగవాళ్ళు దానిమీద మరో రెండు డబ్బాలు పేరుస్తారు. లోపల పళ్ళెం నిమిషానికి వేలసార్లు తిరుగుతూ వుంటుంది. రాసే ములుకు దానికి తగలకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతైనా లేని యెడంలో తేలుతుంది. అటువంటిదాన్ని మే నెలలో అటకెక్కించి వుడకబెట్టటం న్యాయమా? చుట్టూ జానెడు చోటు వదలండి. గాలి కంతల్లో దుమ్ము దులపండి. నడుస్తుండగా కదపకండి.

కరెంటు హఠాత్తుగా పోతే, అక్షరం మధ్యలో దీపం ఆరిన గుమాస్తా గతి పడుతుంది. రాసినవాటి పట్టిక చెడిపోవచ్చు. చిన్న యు.పి.యస్. వుంటే ఆ బాధ తప్పుతుంది. కదలిక వున్నప్పుడే రాసుకొమ్మనే యేర్పాటు వున్నది గాని, నాకు దానిమీద గురి లేదు. గాలికి వూగే కొబ్బరాకు కూడా దానికి దొంగే.

నెలకొకసారి, బొమ్మ కనిపిస్తున్నదా అని కాదు, నిన్న రాత్రి రెండు గంటలకు రాసినది తిరిగి చూపిస్తున్నదా అని పరీక్షించండి. మెనూలో ‘స్మార్ట్’ అనే పేరున డిస్కు ఆరోగ్యం కనబడుతుంది. చెడిన చోట్ల సంఖ్య పెరుగుతుంటే కొత్తది కొనవలసిందే. టిక్కు టిక్కుమని చప్పుడు వస్తే ఆ ఆలోచన కూడా అక్కరలేదు.

నాలుగు కెమేరాలకు 2 టెరాబైట్ల డిస్కు పదకొండు రోజుల్లో నిండి, పాతదానిమీదే మళ్ళీ రాస్తుంది. జనం గుమిగూడే సంస్థలు 30 రోజుల దృశ్యాలు దాచాలని 2013 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చట్టం చెప్పింది. యిళ్ళకు ఆ నిర్బంధం లేదు. అందుచేత యేదైనా జరిగితే ఆ రోజే పెన్ డ్రైవులోకి ఎత్తిపెట్టండి. తెరమీద ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని అడిగితే మాత్రం, తెలిసినవాడు వచ్చేదాకా ‘వద్దు’ అనే నొక్కండి.