టాబ్లెట్టులో రెండవ బ్రౌజరు



టాబ్లెట్టు అనబడు గాజుపలక నేడు పల్లెటూళ్ల వసారాలయందును గానవచ్చుచున్నది. పట్టణముననో పరదేశముననో నున్న కుమారుడు పండుగకు వచ్చి దానిని తండ్రి చేతికిచ్చి పోవును. తండ్రి దానియందు వార్తలు చదువును, పురాణము వినును, పొలము పత్రములు చూచుకొనును, పింఛను సంగతి విచారించును. అయితే, "ఏ బ్రౌజరుతో చూచుచున్నారు?" అని యడిగినచో, "ఇంటర్నెట్టుతోనే" యని ప్రత్యుత్తరము వచ్చును. ఈ రెండును ఒకటి కావు. వీని భేదమును దెలిసికొనిన గాని మన పలకపై మనకు నిజమైన అధికారము చేకూరదు. కావున నేడు నేనీ విషయమును గూర్చియే ముచ్చటింపదలచితిని.

పలక ఇంటివంటిది. ఇంటర్నెట్టు ఊరిబాటవంటిది. బ్రౌజరు ఆ బాటపై మనలను దీసికొనిపోవు బండివంటిది. తెలుగువారు కొందఱు దీనికి "విహారిణి" యని చక్కని పేరు పెట్టిరి. బాట యందఱిదియు నొక్కటే. బండి మాత్రము ఎవరికి నచ్చినది వారు కట్టుకొనవచ్చును. ఇల్లు చేతికి వచ్చునాటికి వాకిట నొక బండి యుండినంత మాత్రమున, దానినే జీవితాంతము తోలవలెనను నియమము లేదు. ఆండ్రాయిడ్ జాతి పలకలలో సాధారణముగా గూగులువారి "క్రోమ్" ఉండును. ఆపిల్‌వారి ఐప్యాడులో "సఫారీ" ఉండును. వీనికి దోడుగా "ఫైర్‌ఫాక్స్", "ఎడ్జ్", "ఒపెరా", "బ్రేవ్" మున్నగునవి వెల లేకయే లభించును.

ఈ బండ్ల చరిత్ర దీర్ఘమైనది కాదు. 1990లో జినీవా నగర సమీపమున "సెర్న్" అను పరిశోధనశాలయందు టిమ్ బెర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు మొదటి బ్రౌజరును నిర్మించెను. 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మార్క్ ఆండ్రీసన్ అను విద్యార్థియు, ఎరిక్ బీనా అను సహచరుడును గలిసి "మొజాయిక్" అను దానిని జేసిరి. అక్షరములను బొమ్మలను ఒకే పుటలో జూపుటచే అది సామాన్యజనులను గూడ ఆకర్షించెను. 1995లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన బ్రౌజరును వెలువరించి, క్రమముగా దానిని తన విండోస్ యంత్రవ్యవస్థతో గలిపి యిచ్చుచు వచ్చెను. జనులు వాకిట నిలిచియున్న బండినే యెక్కిరి. తక్కిన బండ్లవారు దిక్కులేనివారైరి. ఇది న్యాయము కాదని 1998లో అమెరికా ప్రభుత్వమే ఆ సంస్థపై వ్యాజ్యము వేసెను. అంతటి ప్రాబల్యము వహించిన ఆ బ్రౌజరును, మన హైదరాబాదులో బుట్టిన సత్య నాదెళ్ళ అధిపతిగా నున్న కాలమున, 2022 జూన్ 15వ తేదీని ఆ సంస్థయే విరమింపజేసినది.

అట్టి తగవు మన దేశమునకును వచ్చినది. ఆండ్రాయిడ్ యంత్రములతో క్రోమ్ మొదలైనవానిని ముందుగనే కలిపి యిచ్చునట్లు తయారీదారులను నిర్బంధించుట మున్నగు కారణములచే, 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగులు సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2023 మార్చిలో అప్పీలు విన్న ట్రిబ్యునలు కమిషన్ యాజ్ఞలలో కొన్నిటిని తొలగించినను, జరిమానాను స్థిరపఱచెను. పిమ్మట వ్యాజ్యము సుప్రీంకోర్టునకు జేరినది. వాకిట ఏ బండి నిలుపవలెననుటకై యింతటివారు ఇంతగా పెనుగులాడుట యేల? బండి తోలువానికి మన రాకపోకలన్నియు దెలియును గనుక.

నేను నివసించు తార్నాక పేరునందే దీనికి దృష్టాంతమున్నది. తార్ అనగా తీగ. నాకా అనగా కావలిచోటు. పూర్వము తీగకంచెయు, కావలిచోటును ఉండుటచే ఆ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. నాకాలో గూర్చున్నవానికి ఎవడు ఎప్పుడు ఎటు పోయెనో తెలియును. బ్రౌజరును అట్టిదే. మనము చూచిన పుటలు, వెదకిన మాటలు, అనుమతించినచో మనమున్న చోటు గూడ దాని యెఱుకలోనికి వచ్చును. అంతియేకాక, మనము చూచు పుటలలో ప్రకటనలవారు నాటిన గూఢచారులును మనవెంట నడతురు. ఇట్టివారిని అడ్డగించుటలో బ్రౌజర్లన్నియు సమానములు కావు. "బ్రేవ్" తనంతట తానే చాలవఱకు అడ్డగించును. లాభాపేక్ష లేని మొజిల్లా సంస్థ ఆధ్వర్యమున 2004లో వెలువడిన "ఫైర్‌ఫాక్స్" ఆండ్రాయిడ్ పలకలలో ప్రకటనలను నివారించు అనుబంధ పరికరములను జేర్చుకొననిచ్చును. దాని మీటలును సూచనలును తెలుగులో నుండునట్లు అమర్చుకొనవచ్చును. రెండవ బ్రౌజరు వలన గలుగు మొదటి లాభమిది.

"మా బ్రౌజరులో ఏకాంతవిధమున్నది గదా, అందు చూచినది ఎవరికిని దెలియదు గదా" యని కొందఱు తలంతురు. ఏకాంతవిధము మన పలకలో మిగులు జాడలను మాత్రము చెఱిపివేయును. బాటపైనున్నవారికి మనము కనబడుచునే యుందుము. ఈ విషయముననే 2020లో అమెరికాలో గూగులుపై దావా నడచి, అట్లు సేకరింపబడిన వివరములను నాశనము చేయుటకు 2024లో ఆ సంస్థ అంగీకరించినది.

ఇక రెండవ విషయము. బండి రంగు వేఱైనంత మాత్రమున ఎద్దులు వేఱు కాకపోవచ్చును. ప్రతి బ్రౌజరులోపలను పుటను చదివి తెఱపై జిత్రించు యంత్రమొకటి యుండును. అదియే ఎద్దుల జత. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్ — ఇవన్నియు ఆండ్రాయిడ్ పలకలలో ఒక జాతి ఎద్దులతోనే నడచును; ఫైర్‌ఫాక్స్‌కు వేఱు జత గలదు. ఐప్యాడులోనైతే ఏ పేరుగల బ్రౌజరైనను ఆపిల్‌వారి ఎద్దులనే కట్టవలెనని ఆ సంస్థ చిరకాలముగా నియమము పెట్టెను. 2024 సెప్టెంబరునుండి ఐరోపా సమాఖ్య తన దేశములలో దానిని చట్టముచే సడలింపజేసినది. కాబట్టి ఒక పుట ఒక బ్రౌజరులో తెఱచుకొననిచో, అదే జాతి ఎద్దులుగల మఱియొకదానిలో బ్రయత్నించుట తఱచుగా వ్యర్థప్రయాస.

దీనికి ఉస్మానియా విశ్వవిద్యాలయముతో సంబంధించిన కథయొకటి గలదు. అచ్చటి ఇంజనీరింగు కళాశాలలో జదివిన శంతను నారాయణ్ 2007 చివర అమెరికాలోని అడోబీ సంస్థకు ప్రధానాధికారి యయ్యెను. కదలుబొమ్మలను, పాఠములను, ఆటలను పుటలలో జూపు "ఫ్లాష్" అను పరికరము ఆ సంస్థది. 2010లో ఐప్యాడు వెలువడినపుడు, ఫ్లాష్ బ్యాటరీని హరించుననియు, భద్రము కాదనియు జెప్పి ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ దానిని రానీయలేదు. ఫ్లాష్‌తో గూడిన పుటలు ఐప్యాడులో వట్టి గడులుగా గనబడెను. అప్పుడు జనులు "పఫిన్" అను వేఱొక బ్రౌజరు నాశ్రయించిరి. దాని యుపాయమేమన, దూరమున నున్న పెద్ద కంప్యూటరు ఆ పుటను తాను దెఱచి, ఆ దృశ్యమును మన పలకకు బంపును. "ఒపెరా మినీ" యనునదియు పుటలను దూరముననే కుదించి పంపును. సిగ్నలు బలహీనముగా నున్న ఊళ్లకు అది మిక్కిలి యుపకరించినది.

సౌకర్యము గొప్పదే, దాని వెలను గూడ గుర్తింపవలయును. మనము సంతకు పోక పొరుగువానిని పంపి, వాని కన్నులతో సంతను చూచుట వంటిదది. వార్తలు చదువుటకు పొరుగువాడు చాలును. బ్యాంకి తాళపుచెవి వాని చేతికీయదగదు. ఫ్లాష్‌ను 2020 డిసెంబరు 31వ తేదీతో అడోబీవారే చాలించిరి. ఆ కథ నేర్పిన నీతి మాత్రము నేటికిని చెల్లును.

బ్రౌజరు మార్చినను తీరని చిక్కులు గొన్ని గలవు. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అను అక్షరము ఒక ప్రత్యేకవిధమున గూర్పబడి వచ్చినచో ఐఫోనులు, ఐప్యాడులలోని అనేక పరికరములు ఉన్నట్లుండి మూతపడెను. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమును స్తంభింపజేసినదని లోకము నవ్వుకొనెను. అప్పుడు బ్రౌజరు మార్చినవారికి ఫలము కలుగలేదు. ఏలయన, ఆ దోషము అక్షరమును గీయు యంత్రవ్యవస్థయందే యున్నది. ఆ నెల 19వ తేదీని ఆపిల్‌వారు పంపిన దిద్దుబాటు వలననే యది తొలగినది. ఇంటి పునాదిలోని బీట బండి మార్చినంత మాత్రమున పూడదు. కావున "అప్‌డేట్" అని పలక యడిగినపుడు ఉపేక్షింపరాదు.

చదువరులకు తఱచుగా గలుగు సందేహమొకటి చెప్పెదను. ప్రాతఃకాలమున తార్నాకనుండి ఉస్మానియా ప్రాంగణములోనికి వాహ్యాళికి వచ్చు పెద్దలలో విశ్రాంత ఉపాధ్యాయులు కొందఱు టాబ్లెట్టులో పాత గ్రంథములు చదువుచుందురు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయపు గ్రంథాలయములోని తెలుగు పుస్తకములనేకములు పుటపుటయు చిత్రముగా దీయబడి, "ఇంటర్నెట్ ఆర్కైవ్" అను ఉచిత భాండారమున జేరినవి. వారిలో నొకరు, "నాయనా, అక్షరము పెద్దది చేయుమని బ్రౌజరుకు జెప్పితిని. వార్తాపత్రికలో పెరిగినది, ఈ పుస్తకములో పెరుగలేదు. వేఱొక బ్రౌజరు పెట్టుదునా?" యని నన్నడిగిరి. "మాస్టరుగారూ, వార్తాపత్రికలో నున్నవి అక్షరములు, ఇందున్నది అక్షరముల ఛాయాచిత్రము. చిత్రమును రెండు వ్రేళ్లతో విడదీసి పెద్దది చేయవలెను, పలకను అడ్డముగా ద్రిప్పవలెను. దీనికి ఏ బ్రౌజరైనను ఒక్కటే" యంటిని. వార్తల పుటలకు మాత్రము బ్రౌజరు ఎంపిక యుపకరించును. ఫైర్‌ఫాక్స్, సఫారీ మున్నగువానిలో "రీడర్" అను విధము గలదు. అది ప్రకటనలను తొలగించి, వ్యాసమును మాత్రము పెద్ద యక్షరములతో జూపును. మసకచూపువారికి అది కన్నుల కద్దమువంటిది.

ఇక రెండవ బ్రౌజరును దెచ్చుకొను విధము. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్, ఐప్యాడులో యాప్ స్టోర్ — వీనినుండియే దెచ్చుకొనవలెను. వాట్సాపులో ఎవరో పంపిన లంకెను నొక్కి తెచ్చుకొనరాదు. పేరుతో బాటు దానిని జేసిన సంస్థ పేరును జూడవలెను. మన దేశమున మిక్కిలి వ్యాప్తిలో నుండిన "యూసీ బ్రౌజరు"ను 2020 జూన్ 29వ తేదీని భారత ప్రభుత్వము దేశభద్రతా కారణములు చెప్పి మఱి 58 పరికరములతో గూడ నిషేధించినదను సంగతి మఱవరాదు. క్రొత్తది యైనంత మాత్రమున మంచిది కాదు.

క్రొత్త బ్రౌజరు వచ్చినదని పాతదానిని వెంటనే విడువనక్కఱలేదు. రెండును ఒకే యింట నుండవచ్చును. నెలదినములు రెంటను మీ వార్తాపత్రిక, మీ పొలము పత్రములు చూచి పోల్చుకొనుడు. క్రొత్తది నచ్చినచో, ఆండ్రాయిడ్ సెట్టింగులలో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్, అందులో బ్రౌజర్ అనుచోట దానిని ఎన్నుకొనుడు. పలకను బట్టి పేర్లలో స్వల్పభేదముండవచ్చును. ఐప్యాడులో ఈ సౌకర్యము 2020 సెప్టెంబరులో వచ్చినది. పాత బ్రౌజరు గుర్తుంచుకొనిన సంకేతపదములు తమంతట తాము క్రొత్తదానిలోనికి రావు. కాబట్టి ముందుగనే వానిని సరిచూచుకొనుడు. ఏదేని పుట సగము మాత్రమే కనబడినచో, "డెస్క్‌టాప్ సైట్" అను మీటను నొక్కి చూడుడు. పెద్ద కంప్యూటర్ల కొఱకు చేసిన పుటలు అప్పుడు నిండుగా గనబడుట గలదు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి. తెలంగాణమున 2020లో వచ్చిన ధరణి స్థానమున 2025లో భూభారతి వచ్చినది; ఆంధ్రప్రదేశమున మీభూమి యున్నది. ఇట్టి ప్రభుత్వపు పుటల చిరునామా "డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగియును. రూపమునందు అచ్చముగ అట్లేయుండి, చిరునామా వేఱైన దొంగపుటలుండును. చిరునామా ప్రక్కన తాళపుగుర్తు కనబడినను నమ్మరాదు. దారిలో మాట యెవరికిని వినబడదని ఆ గుర్తు చెప్పునే కాని, ఆవల మాటలాడువాడు సత్యవంతుడని చెప్పదు. బ్రౌజర్లు కొన్ని దొంగపుటలను గుర్తించి హెచ్చరించును; అన్నిటిని ఏ బ్రౌజరును గుర్తింపజాలదు. బండి యెంత మంచిదైనను, చేరిన ఊరి పేరు చదువవలసినవాడు బండిలోని మనుష్యుడే.

కావున ఈ వారము మీ పలకను చేతబట్టి, వాకిట నున్న బండి పేరేమో చూడుడు. ఇంటిలోని పిల్లలను గాని, ఊరిలోని చదువుకొన్న యువకుని గాని ప్రక్కన గూర్చుండబెట్టుకొని, రెండవదానిని దెచ్చుకొనుడు. మీటలను మాత్రము మీ వ్రేలితోనే నొక్కుడు. సంకేతపదమును మీ చేతితోనే వ్రాయుడు. భూమి పత్రమును, పింఛనును, బ్యాంకి లెక్కయు నేడు ఆ గాజుపలకమీదుగనే నడచుచున్నవి గనుక, పగ్గములు మీ చేతిలోనే యుండవలయును.